మల్‌ఫ్రిడ్ పెద్దమ్మ చెంచా

ఉత్తర నార్వేలోని మా లోఫోటెన్ రేవులో సూర్యుడు డిసెంబరులో కొండ వెనక్కి పోయాడంటే జనవరి దాకా మొహం చూపించడు. ఆయన బాకీ తీర్చే పని మా బడి ఆయా మల్‌ఫ్రిడ్ పెద్దమ్మది. పొద్దున్నే కాడ్ చేప కాలేయం నూనె సీసాతో బడి గుమ్మంలో నిలబడేది. తలా ఒక చెంచా మింగితేగాని లోపల అడుగు పెట్టనిచ్చేది కాదు.

"ఇందులో డి విటమిన్ ఉందర్రా! అది లేకపోతే ఎముకలు మైనంలా వంగిపోతాయి" అనేది. ఆ మాటన్న ఆమెవే దొడ్డికాళ్లు. ఆ సందులోంచి మేకపిల్ల దూరిపోవచ్చు. అదేమిటని అడిగితే, చేపలు దొరకని లోయలో పెరిగానని చెప్పేది.

ఆరేళ్ల గుడ్రున్ బడిలో చేరాక వ్యవహారం చెడింది. దాని మోకాళ్లు అప్పటికే పక్కలకు వంగుతున్నాయి. నూనె తప్పదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అదేమో పోసిన నూనెను పోసినట్టే చేతితొడుగులోకి ఉమ్మేసేది. ఒకరోజు దొరికిపోయి, అందరి ముందూ ఎదురుతిరిగింది.

"నువ్వు తాగవేం పెద్దమ్మా?"

"ముసలిదాన్ని, నాకెందుకే!"

"నువ్వు తాగితేనే నేనూ తాగుతా."

పెద్దమ్మ మొహం పాలిపోయింది. ఎదుటివాళ్లకు చెప్పేటందుకే నీతులని నేను లోలోపల తెగ సంబరపడ్డాను.

"లోయ లేదు, గీయ లేదు" అంది పెద్దమ్మ మెల్లగా. "ఈ రేవులోనే పుట్టాను. మా అమ్మ రోజూ పోసేది. నేను పొయ్యి వెనక ఉమ్మేసేదాన్ని. నా తెలివి ఇదిగో, చూసుకో!" అంటూ గౌను మోకాళ్ల దాకా ఎత్తింది.

ఎవరూ నవ్వలేదు. నాకు సిగ్గేసింది.

గుడ్రున్ ఆ కాళ్లు చూసి, తన కాళ్లు చూసుకుంది. "అయితే రోజూ ఇద్దరం తాగుదాం" అంది.

పెద్దమ్మ కళ్లు మూసుకుని మింగింది. "ఛీ! అరవై ఏళ్లయినా దీని కంపు పోలేదే!" అంది. బడంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే గుడ్రున్ కూడా మింగేసింది.

అప్పట్నుంచి ఒకరికొకరు పోసుకునేవారు. మూడేళ్లకు గుడ్రున్ కాళ్లు తిన్నగా అయ్యాయి. అదే ఏడాది పెద్దమ్మ బడిలో పని మానేసింది. సెప్టెంబరులో బడి తెరవగానే గుడ్రున్ సీసా, చెంచా పట్టుకుని ఆమె ఇంటిదాకా ఒక్క పరుగు తీసింది.

"ఇంకా ఎందుకే? ఈ కాళ్లు ఇక మారతాయా?"

"అదంతా నాకు తెలీదు. మాటంటే మాటే. నోరు తెరువు."

పెద్దమ్మ నోరు తెరిచింది.