మా తాతయ్యకు అందని నీలం

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా తాతయ్య మగ్గం నేసేవాడు, మా అవ్వ కండెలకు నూలు చుట్టి అందించేది. తాతయ్యకు కోపం ముక్కుమీదే ఉండేది. అవ్వేమీ తక్కువది కాదు, మాటకు మాట అప్పజెప్పేది. ఆ కీచులాటల మధ్యే నేను పెరిగాను.

ఒకరోజు పెద్దకడుబూరు నుంచి ఒక పెళ్లికూతురి తల్లి చీర తీసుకుపోవడానికి వచ్చింది. పసుపు చీర, కొంగు నిండా నీలం చారలు. మడత విప్పగానే ఆమె ముఖం మాడిపోయింది. కొన్ని చారలు నల్లగా ఉన్నాయి. వేరే చీరకని చుట్టిన నల్ల కండెలను తాతయ్య నీలమనుకుని నేసేశాడు.

"పెండ్లి చీరలో నలుపేందప్పా? మా బిడ్డ బాగుండాల్నా, వద్దా?" అంటూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

తాతయ్య కొంగును ఎండలోకి తీసుకుపోయి కళ్లకు ఆనించుకుని చూశాడు. ఆయనకు అంతా ఒకటే రంగు. అప్పుడు అవ్వ ముందుకొచ్చి, "కండెలు కలగలిపింది నేనేమ్మా. ఆయన్నేమీ అనొద్దు, ఇంకోటి నేసిస్తాం" అంది. ఆమె కలపలేదు. వేరువేరు గంపల్లో పెడుతుంటే నేను చూశాను. పెళ్లికూతురి తల్లి వెళ్లాక తాతయ్య అవ్వను నానా మాటలూ అన్నాడు. అవ్వ నోరెత్తలేదు. ఆ తిట్ల కంటే అవ్వ ఊరుకోవడమే నన్ను భయపెట్టింది.

మర్నాడు అవ్వ నీళ్లకు పోయినప్పుడు తాతయ్య రెండు కండెలు పట్టుకుని నన్ను పిలిచాడు. "ఈ రెండిట్ల నీలం యాదే పాపా?" చూపించాను. దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "నీలమంటే ఎట్లుంటాదో మరిసిపోయినా. సెప్పు."

ఆకాశం మాదిరి అన్నాను. "అదీ బూడిద మాదిరే ఉంది గదమ్మా" అన్నాడు. బడి సిరా అన్నాను, నెమలి మెడ అన్నాను. ఒక్కటీ ఆయనకు అందలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఆయన తెల్ల పంచెలే నేశాడు. ఎందుకని అవ్వ అడగలేదు.

ఈమధ్య ఆదోనిలో నా కుడికంటి శుక్లం తీశారు. వయసుతో కంట్లోని లెన్సు పసుపుబారి నీలం వెలుగును లోపలికి రానివ్వదని డాక్టరమ్మ చెప్పింది. కట్టు విప్పాక ఇంట్లో ప్లాస్టిక్ బిందెను చూసి నోరు తెరిచాను, అంత నీలం! కుడికన్ను మూసి చూస్తే అదే బిందె మసిబట్టినట్టుంది. ఇన్నేళ్లుగా రంగు తరిగిపోతున్నా నాకు తెలియనే లేదు. పాపం, తాతయ్యకు మాత్రం ఎలా తెలుస్తుంది?

ఎవరైనా తమకు కనబడటం లేదంటే నేనిప్పుడు వాదించను. ఇంత తెలిశాక కూడా, నీలం ఎట్లుంటుందో చెప్పమని మా తాతయ్య ఇప్పుడొచ్చి అడిగితే, ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మాటా లేదు.