ముళ్లచేప వేసిన మూడు మార్కులు

కవరు విప్పి రెండుసార్లు చదివాను. మిగతా ముగ్గురం తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది వేశాం. కువబారా సదాయె గారు పదికి మూడు వేశారు.

మాది టోక్యోలో వారం వారం వచ్చే వీడియో గేముల పత్రిక. కొత్త ఆటను నలుగురం ఎవరికి వారే ఆడతాం. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, మార్కులూ నాలుగు వాక్యాల సమీక్షా కవరులో పెట్టి అంటిస్తాం. విప్పాక అక్షరం కూడా మార్చకూడదు. ఆ నియమం పెట్టింది సదాయె గారే. పంతొమ్మిదేళ్లలో ఆవిడ కవరు ఒక్క వారం కూడా ఆలస్యం కాలేదు. పేజీలో మా అసలు పేర్లుండవు, ఆవిడ పేరు ‘ముళ్లచేప’. వయసులో ఉండగా బట్టల మిల్లు వాలీబాల్ జట్టులో ఆడిన మనిషి. ఇప్పటికీ బూట్లు విప్పి, మేజోళ్లతో నిలబడే ఆడతారు. ఆవిడంటే నాకు హడలు.

ఈ ఆట కోసం దేశమంతా ఎదురు చూస్తోంది. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి కత్తులు నూరిన రెండు కంపెనీల బొమ్మలు, ఒకరి నీటికుక్క, ఇంకొకరి నక్క, మొదటిసారి ఒకే జట్టులో ఆడుతున్నాయి. పరుగు, ఈత, వాలీబాల్, అన్నీ ఇంటిల్లిపాదీ ఆడుకునేలా చేశారు. మేం ముగ్గురం ఇంటికి పట్టుకెళ్లి పెళ్లాంపిల్లలతో ఆడాం. సదాయె గారికి ఇంట్లో ఎవరూ లేరు. ఎప్పట్లాగే ఆఫీసు గదిలో ఒంటరిగా ఆడారు. సమీక్ష చివర ఇలా రాశారు: ‘ఓడిపోయాక ఆటగాళ్లు ఒకరి దగ్గరికి ఒకరు వెళ్లరు. ఇందులో వెళ్లినట్టు చూపించారు, అది అబద్ధం.’

నాకు ఒళ్లు మండింది.

“కువబారా గారూ, నలుగురాడే ఆట ఒక్కరే ఆడి మూడంటే ఎలాగండీ?”

“ఏమయ్యా నెమోతో, ఒక్కదానికి చప్పగా ఉన్నది నలుగురైతే ఉప్పెక్కుతుందా?”

“ఒక్కసారి మాతో ఆడండి. ఓడితే మీకు నూడుల్స్ పెట్టిస్తా.”

“నువ్వు పెట్టించడమే? ఇందులో ఏదో మెలిక ఉంది” అంటూనే బూట్లు విప్పారు.

ఆఖరి పోటీ వాలీబాల్. ఆవిడ నీటికుక్క, నేను నక్క. నేను బంతి ఎత్తాలి, ఆవిడ కొట్టాలి. చివరి పాయింటులో నేను చక్కగానే ఎత్తాను. ఆవిడ కొట్టింది నెట్‌లో పడింది. తెర మీద నక్క తల వంచుకుని నిలబడింది. నీటికుక్క దాని దగ్గరికి నడిచి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

“చూశావా? అబద్ధమంటే ఇదే” అన్నారావిడ.

అప్పుడు ఆట తయారు చేసినవాళ్ల పేర్లు వచ్చాయి. నలుగురూ కలిసి అన్ని పోటీలూ పూర్తి చేస్తేనే అవి వస్తాయి. రూపకల్పన: ఒరిహారా ఫుసాకో.

సదాయె గారి ముఖం పాలిపోయింది. చేతిలోది కింద పెట్టి చాపమీద కూర్చున్నారు.

“మా జట్టులో బంతి ఎత్తేది ఫుసాకోయే” అన్నారు. “ఫైనల్లో ఆఖరి పాయింటు. అది సరిగ్గానే ఎత్తింది. నేనే ఆలస్యంగా ఎగిరాను. అందరూ దాన్నే తిట్టారు. నేను నోరు విప్పలేదు. వెళ్లి బస్సెక్కి కూర్చున్నాను. ఇరవై ఆరేళ్లయింది, మళ్లీ ముఖం చూడలేదు.”

ఆ ఓదార్పును అబద్ధమని రాసింది, దాన్ని ఎగ్గొట్టిన మనిషే.

“పేజీ ఇంకా ప్రెస్సుకెళ్లలేదండీ. ఆ ఒక్క వాక్యం తీసేద్దాం. ఎవరికీ తెలీదు.”

“కవరు విప్పాక మార్చకూడదు” అన్నారు. “నా కోసమైతే అసలు మార్చకూడదు.”

అలాగే అచ్చయింది. ముళ్లచేప మీద తిట్ల ఉత్తరాలు మూటలుగా వచ్చి పడ్డాయి. చిన్నపిల్లలు కూడా తిట్టారు. ఆవిడ అన్నీ చదివి, కట్టలు కట్టి పక్కన పెట్టారు.

రెండు వారాల తర్వాత, పాఠకులు రాసి పంపడానికి పత్రికలో కుట్టి ఇచ్చే కార్డు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. పంపినవారి పేరు చూసి ఉలిక్కిపడ్డాను. దాన్ని తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను.

‘ముళ్లచేప గారికి. మీరెవరో తెలియదు గానీ, ఎప్పుడో ఒక జట్టులో ఆడే ఉంటారు. మీరన్నది నిజం, దగ్గరికి ఎవరూ రారు. నేను బస్సు వెనకాల చాలాసేపు నిలబడి చూశాను. అందుకే ఆటలోనైనా రావాలని పెట్టాను. మూడు మార్కులకు నాకు బాధ లేదు.’

ఆవిడ రెండుసార్లు చదివారు. కార్డు తిప్పి చిరునామా చూశారు. కుర్చీ కింద నుంచి బూట్లు లాగి తొడుక్కుంటుంటే తొందరలో లేసు ముడి పడలేదు. నేను వంగి ముడి వేశాను. ఆవిడ కార్డు పట్టుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం కవర్లు విప్పితే మూడే ఉన్నాయి.