షుగరు దిగని నెల

మా ఆయనకి నడుము ఆపరేషన్ అనగానే నేను చేసిన మొదటి పని కొత్త నోటు పుస్తకం కొనడం. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఏ పనైనా ముందు కాగితం మీద పెట్టకపోతే నాకు చెయ్యి ఆడదు. రక్తం ఇచ్చేవాళ్ళు ఇద్దరు కావాలి. పుచ్చు పళ్ళేమీ లేవని పళ్ళ డాక్టరు దగ్గర రాయించుకు రావాలి. రక్తం పల్చబడే మాత్ర అయిదు రోజుల ముందు ఆపాలి. నడుముకి బెల్టు, బాత్రూములో వేసుకునే కుర్చీ కొనాలి, మేడ మీది మంచం కిందకి దింపించాలి. కొవ్వూరు నుంచి బ్రిడ్జి దాటి రాజమండ్రి ఆస్పత్రికి వెళ్ళిన ప్రతిసారీ ఇంకో కాగితం తెమ్మనేవారు.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆ సీట్లో కూర్చుని కూర్చుని నడుములో పూసలు అరిగిపోయి, ఎడమ కాలికి వెళ్ళే నరం నొక్కుకుపోయింది. అడుగు వేస్తే పాదం పైకి లేవదు, చెప్పు జారిపోతుంది. డాక్టరు గారు మెత్తగానే చెప్పారు గానీ విషయం మెత్తనిది కాదు. ఆలస్యమైతే నరం కోలుకోదు, ఆ తర్వాత ఆపరేషన్ చేసినా పాదం లేవదు. అయితే ఆయనకి షుగరుంది, ముందు అది దిగాలి. షుగరు ఎక్కువుంటే కుట్లు మానవు, చీము పడుతుంది.

ఇంటికి పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ నడుము ఆపరేషనై మంచాన పడ్డ చుట్టం ఒకడుండేవాడు. ఆ కథ మొత్తం చెప్పి, కాఫీ తాగి, ధైర్యంగా ఉండండని వెళ్ళేవారు. ఆయన నవ్వుతూ వినేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఆదివారం చర్చిలో ఆపరేషన్ బాగా జరగాలని అందరూ ప్రార్థన చేశారు. మంగళవారం ఆస్పత్రిలో చేరాం. షుగరు చాలా ఎక్కువుందని బుధవారం వెనక్కి పంపేశారు. రెండు వారాల తర్వాత మళ్ళీ ప్రార్థన, మళ్ళీ సంచులు సర్దుకోవడం, మళ్ళీ వెనక్కి రావడం. ఆ తర్వాతి ఆదివారం పాస్టరు గారి కంట పడకుండా వెనక బెంచీలో కూర్చున్నాను.

అన్నం తగ్గించాను, రాత్రికి రెండు పుల్కాలే పెట్టేదాన్ని. పంచదార డబ్బా ఎత్తి పక్కింట్లో ఇచ్చేశాను. అయినా షుగరు దిగలేదంటే ఈయనే ఎక్కడో తింటున్నారని తేల్చేసుకున్నాను. పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్ళని ఎంతమందిని పట్టుకోలేదు నేను? చొక్కా జేబులు తడిమాను. టీ కొట్టతన్ని నిలబెట్టి అడిగితే, పంచదార లేకుండానే ఇస్తున్నానండి టీచరు గారూ, నన్నేం చెయ్యమంటారని వాపోయాడు. ఆయన్నే నేరుగా నిలదీశాను. ఏమీ తినడం లేదని, పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అది చూసి నా అనుమానం ఇంకా గట్టిపడింది.

రెండోసారి పంపేసినప్పుడు, వారం తర్వాత వచ్చి తిండి గురించి చెప్పే అమ్మాయిని కలవమన్నారు. ఆవిడ ఆయన్ని అడుగుతుంటే జవాబులన్నీ నేనే చెప్పాను. పొద్దున్నా సాయంత్రం పెద్ద గ్లాసుడు రాగిజావ అన్నాను. జావలో ఏం కలుపుతారమ్మా అని అడిగింది. తాటిబెల్లం అన్నాను, కాస్త గర్వంగానే. ఎంత వేస్తారంది. గుప్పెడు అన్నాను. ఆవిడ రాస్తున్న కలం కింద పెట్టింది.

"అదీ తీపేనమ్మా. పంచదారకీ దానికీ షుగరు దగ్గర పెద్ద తేడా ఉండదు."

తాటిబెల్లం షుగరుకి మంచిదని మా అమ్మ చెప్పేది. పక్కింటావిడ చెప్పింది, ఫోనులో వీడియోలు చెప్పాయి. అంతమంది చెబుతుంటే డాక్టరు గారిని ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. ఆటోలో బ్రిడ్జి దాటుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. నెల రోజులు ఆయన జేబులు వెతికాను, కాలు పాడు చేస్తున్నది నా చెయ్యే.

ఇంటికొచ్చాక ఆయన కిందకి దింపించిన మంచం మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోమన్నారు.

"నాకు తెలుసు. జావ మొదలెట్టిన రెండో రోజే తెలుసు. నువ్వు పెన్షను కాగితాల పని మీద బడికి వెళ్ళినప్పుడు, జావ తాగాక షుగరు మిషనుతో చూసుకుంటే అమాంతం పెరిగిపోయింది."

"మరి చెప్పలేదేంటండీ?"

"షుగరు దిగకపోతే ఆపరేషన్ ఉండదు కదా." కాసేపు కాలి వంక చూసుకున్నారు. "కాలు పోతే కర్ర పట్టుకుని నీ పక్కనే తిరుగుతాను. ఆ బల్ల మీద నాకేదైనా అయితే నువ్వొక్కదానివీ ఏం చేస్తావు?"

పరామర్శకి వచ్చినవాళ్ళు చెప్పిన కథల్లో ఒక్కటి కూడా ఆయన మనసులోంచి పోలేదన్న మాట. నాకు కోపం వచ్చింది, చాలా వచ్చింది. బుద్ధి ఉందా అని కూడా అన్నాను. కానీ అంటుండగానే నా సంగతి నాకు గుర్తొచ్చింది. రెండోసారి వెనక్కి పంపేసిన రోజు ఆస్పత్రి మెట్లు దిగుతూ పైకి ఆయన్ని సాధిస్తూనే ఉన్నాను గానీ, లోపల వానకి బడి సెలవిచ్చినంత తేలిగ్గా అనిపించింది. ఆ మాట కూడా ఆయనకి చెప్పేశాను. భయం లేనట్టు నటించడం ఇద్దరం అక్కడితో మానేశాం. భయపడుతూనే వెళ్దాం, కానీ వెళ్దాం అన్నాను. సరేనన్నారు.

జావలో ఉప్పూ మజ్జిగా కలిపి ఇచ్చాను. డాక్టరు గారు మందు కూడా మార్చారు. రెండు వారాలకి షుగరు దిగింది, ఆపరేషన్ అయింది, ఆయన లేచి నడిచారు. పాదం లేస్తోంది. బొటనవేలు మాత్రం ఇప్పటికీ సరిగ్గా లేవదు, మెట్టు ఎక్కేటప్పుడు తట్టుకుంటుంది. ఒక నెల ముందు చేసుంటే అదీ వచ్చేదేమోనని డాక్టరు గారు అన్నారు, మా వైపు చూడకుండా.

అంత ఆలస్యం ఎందుకైందని అడిగినవాళ్ళందరికీ ఆయన, నేనే పిరికివాణ్ణండి, వాయిదా వేసుకుంటూ పోయానని చెబుతారు. జావ మాట ఇంతవరకూ ఒక్కరి దగ్గరా ఎత్తలేదు.