పొగ పొయ్యి దగ్గర పన్నెండు గంటలు

వెంకటస్వామి కుదురుగా కూర్చోవడం ఎవరూ చూడలేదు. ఫోన్ వస్తే నడుస్తూ మాట్లాడతాడు. సినిమా పెడితే తలుపు దగ్గర నిలబడి చూస్తాడు. ప్యాంటు జేబులో కారు తాళాలు ఎప్పుడూ గలగలమంటుంటాయి, ఒడ్డు దొరకని చిన్న అల ఏదో అక్కడ ఇరుక్కుపోయినట్టు.

అమెరికా వచ్చిన పన్నెండేళ్లలో మూడు ఊళ్లు. ఎడిసన్‌లో రెండేళ్లున్నాడు. పక్క అపార్ట్‌మెంట్‌లోకి కావలి వైపు మనిషి ఒకాయన దిగి, "మాదీ అటేనండీ, మీరెవరి తాలూకు?" అని అడిగాడు. నెల తిరక్కుండా వెంకటస్వామి బాతెల్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. అక్కడి సన్నటి వానల్లో ఆరేళ్లు గడిచాయి. ఓ పుట్టినరోజు భోజనాల దగ్గర ఒకాయన ఇంటిపేరు అడిగి, కాసేపు ఆలోచించి, మళ్లీ అడిగాడు. ఆ వేసవికి క్యారీ వచ్చేశాడు. పైన్ చెట్లు, వెడల్పాటి రోడ్లు, ఎవరి కారు వాళ్లది. ఇక్కడ నాలుగేళ్లు.

"మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని ఎవరైనా అడిగితే అతని దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. రెవెన్యూ డిపార్ట్‌మెంట్.

"నువ్వు ఊరు మారినప్పుడల్లా మామకి ప్రమోషన్ వస్తోంది," అంటుంది భార్య లీల. "ఎడిసన్‌లో క్లర్కు. బాతెల్‌లో ఆర్.ఐ. ఇక్కడ తాసీల్దారు. ఇంకో ఊరు మారితే కలెక్టరైపోతాడు. పోయినాక ఇంత పైకొచ్చిన మనిషిని నేను చూళ్లేదు."

తండ్రి చెంచయ్య కావలిలో రైలు కట్టకి అవతల పందుల్ని పెంచేవాడు. తరగతిలో వెంకటస్వామి కూర్చుంటే పక్కవాడు ముక్కు మూసుకుని జరిగేవాడు, ఆ పక్కవాడు కూడా జరిగేవాడు. బెంచీ మీద ఒంటరిగా కూర్చోవడం కంటే నిలబడటమే నయమనిపించేది. లీలవాళ్లదీ అలాంటి ఇల్లే, గూడూరులో. కానీ ఆమె దేన్నీ దాచే మనిషి కాదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.

కూతురు ఇషాకి పదేళ్లు. స్కూల్లో గీసిన వంశవృక్షం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. తాత పేరు కింద ఆకుపచ్చ స్కెచ్‌పెన్‌తో "గవర్నమెంట్ ఆఫీసర్" అని రాసింది. పాలు తీసుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ వెంకటస్వామి ఆ కాగితం మీదుగా చెయ్యి చాపాలి.

రెండువేల పన్నెండు, మే నెల. వీధి చివర గుండ్రంగా ఆగిపోయే చోట ఏటా అందరూ కలిసి భోంచేస్తారు. పోర్క్ చేసేది ఎప్పుడూ పక్కింటి డేల్. డెబ్భై ఏళ్లవాడు, టెలిఫోన్ స్తంభాలెక్కి రిటైరైనవాడు. ఆ ఏడు నిచ్చెన మీంచి పడ్డాడు. చేతికి పట్టీతో గురువారం సాయంత్రం వచ్చి ఫెన్స్‌కి ఆనుకుని నిలబడ్డాడు.

"ఈసారి నువ్వే చెయ్యాలి."

"నాకు రాదు డేల్."

"నాలుగేళ్లుగా ఈ ఫెన్స్ పక్కన తచ్చాడుతూ వాసన చూస్తున్నావు. పోయినేడు నేను థర్మామీటర్ గుచ్చకముందే 'ఇంకో గంట' అన్నావు. కచ్చితంగా గంటే పట్టింది. రాదని నాకు చెప్పకు."

వెంకటస్వామి సరేనన్నాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందో, ఇంకెవరి నోట్లోంచి వచ్చిందో అర్థం కాలేదు. తర్వాతే భీమశంకర్ గుర్తొచ్చాడు.

వీధిలో ఉన్న ఇంకో తెలుగు ఇల్లు భీమశంకర్, రాధారాణి దంపతులది. ఆయన పంతొమ్మిది వందల డెబ్భైల్లో అమెరికా వచ్చిన ఇంజనీర్. మంచివాడు, ఏదైనా తింటాడు, తినిపిస్తాడు. కానీ ఎదుటి తెలుగువాడికి ఊరూ వరసా తేల్చందే ఆయనకి ముద్ద దిగదు. ఇంత బాగా ఎలా చేశావని తప్పకుండా అడుగుతాడు. అప్పుడేం చెప్పాలి?

శుక్రవారం సాయంత్రం నాలుగు కిలోల పంది జబ్బ ముక్క వంటింటి గట్టు మీద ఉంది. లీల పసుపు నీళ్ల గిన్నె పట్టుకొచ్చింది.

"కడగొద్దు. తడి మీద కారం నిలవదు," అన్నాడు. అని, ఆగిపోయాడు. అది తండ్రి మాట. చెంచయ్య మాంసాన్ని గాలికి ఆరనిచ్చి, ఆరిందో లేదో చేతి వీపుతో తాకి చూసి, అప్పుడు ఉప్పు పట్టించేవాడు. వెంకటస్వామి పేపర్ టవల్‌తో అద్ది, చేతి వీపుతో తాకి చూశాడు.

ముక్కకి పట్టించే పొడి కోసం డేల్ రాసిచ్చిన కాగితం మీద బ్రౌన్ షుగర్, పాప్రికా, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పొడి, ఆవపిండి ఉన్నాయి. అన్నీ కలిపి వేలితో నాకి చూశాడు. తియ్యగా, మర్యాదగా ఉంది. కొత్తగా పరిచయమైనవాళ్ల నవ్వులాగా. మూకుడు పెట్టి ధనియాలు, వాము, నాలుగు ఎండుమిరపకాయలు వేయించాడు. దంచి కలిపాడు. రెండు చేతులతో ముక్కకి రుద్దుతుంటే, ఎముక పక్క సందుల్లోకి, కొవ్వు అంచు కిందికి, వేళ్లు వాటంతటవే దారి వెతుక్కున్నాయి. వాము వాసనకి ఇల్లంతా వెనక్కి, కావలికి నడిచింది.

"పొడి నీదా, డేల్‌దా?" అంది లీల.

"సగం సగం."

"తాసీల్దారు గారిది ఎంతో?"

వెంకటస్వామి ముక్కని ఫ్రిజ్‌లో పెట్టాడు. తలుపు మూశాక వంశవృక్షం కొంచెం ఊగింది.

శనివారం తెల్లవారుజామున ఐదింటికి వెంకటస్వామి, డేల్ దగ్గర్నుంచి తెచ్చుకున్న పొగ పొయ్యి వెలిగించాడు. నల్లటి ఇనుప పొయ్యి, డోలులా ఉంటుంది. బొగ్గుల మీద హికరీ చెక్కలు రెండు వేస్తే నీలం పొగ లేచి పైన్ కొమ్మల్లో చిక్కుకుంది. ముక్క పెట్టి మూత వేశాడు. పది నిమిషాలకి మూత తీశాడు. వేశాడు. ఇంటి వెనక చెక్క డెక్ మీద ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. మళ్లీ తీశాడు.

"పెళ్లికూతురు ముసుగా అది, ఊరికే ఎత్తి చూడ్డానికి?" అంది లీల కిటికీలోంచి.

"చూస్తే ఉడకదు!" అని అటువైపు నుంచి డేల్ అరిచాడు.

పదకొండింటికి థర్మామీటర్ నూట అరవై ఫారెన్‌హీట్ చూపించింది. పన్నెండింటికి నూట అరవై. ఒంటిగంటకి నూట యాభై తొమ్మిది. మాంసం చెమట పట్టి తనని తాను చల్లబరుచుకుంటుందని, అలా గంటల తరబడి ఆగిపోతుందని, అప్పుడు దాని జోలికి పోకూడదని డేల్ ముందే చెప్పాడు. చెప్పడం వేరు, ఆ ముల్లు ముందు నిలబడటం వేరు. కదలని దేన్నీ వెంకటస్వామి భరించలేడు. లోపల మనసు ఒకటే ప్రశ్నని అటూ ఇటూ తిప్పుతోంది. యూట్యూబ్ అంటే? డేల్ నేర్పాడంటే?

రెండింటికి తాళాలు గలగలలాడించుకుంటూ కారెక్కాడు.

సూపర్‌మార్కెట్‌లో వండి పెట్టిన పోర్క్ డబ్బాలుంటాయి. ఆరు తీసుకున్నాడు. లైన్లో నిలబడ్డాక గుండె కొంచెం నెమ్మదించింది. కొన్న మాంసాన్ని ఎవరూ ఏమీ అడగరు. దానికి ఊరుండదు, ఇంటిపేరుండదు.

కౌంటర్ దగ్గరి అమ్మాయి డబ్బా అందుకోబోయి ఆగింది. అతని చొక్కా వైపు ముఖం వంచి గట్టిగా పీల్చింది.

వెంకటస్వామి అడుగు వెనక్కి వేశాడు. ముప్ఫై ఏళ్ల కిందటి ఒళ్లు, దానికదే జరిగింది.

"ఏం కాలుస్తున్నారండీ ఇంట్లో?" అంది ఆ అమ్మాయి. "నేనింకా లంచ్ చెయ్యలేదు. మీ పక్కన నిలబడితేనే కడుపు మాడిపోతోంది."

అతను తన చొక్కా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పొగ, కొవ్వు, వాము. చెంచయ్య భుజం మీది తువ్వాలు.

"సారీ," అన్నాడు. "ఇవి వద్దు." ఆరు డబ్బాలూ తీసుకెళ్లి, చల్లటి అరలో ఎక్కడివక్కడ పేర్చి వచ్చాడు.

ఇంటికొచ్చేసరికి ముల్లు నూట డెబ్భై దాటింది. అతను లేనప్పుడు, ఎవరూ చూడనప్పుడు, కదిలింది. మళ్లీ మూత తియ్యలేదు, తాళాలు మాత్రం ఆగలేదు. నాలుగింటికి పొగలో తీపి చచ్చి, వేయించిన గింజల వాసన మొదలైంది. థర్మామీటర్ చూడకుండా మూత తీసి, పొడుచుకొచ్చిన ఎముకని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా తిప్పాడు. తెల్లగా, శుభ్రంగా, ఒరలోంచి కత్తిలా ఊడి వచ్చింది.

గంటసేపు కప్పి ఉంచి, ఐదింటికి వీధి చివర బల్ల మీద పెట్టి రెండు ఫోర్కులతో విప్పాడు. నల్లటి పెచ్చు కరకరమని విరిగి, లోపల గులాబీ రంగు పోగులు ఆవిరితో విడిపోయాయి. అందరికంటే ముందు మడత కుర్చీ చంకన పెట్టుకుని భీమశంకర్ వచ్చాడు. ఇషా ప్లేటు పట్టుకుని ఆయన వెనకే ఉంది.

"ఏదీ, రుచి చూడనీ." బన్నులో పెట్టుకుని ఒక ముక్క కొరికి కళ్లు మూసుకున్నాడు. "అబ్బ! స్వామీ, ఇదేంటయ్యా! డేల్ చేసింది దీని కాలి గోటికి సరిపోదు. వాము తగులుతోంది కదూ? ఎక్కడ నేర్చావ్? యూట్యూబేనా?"

జవాబు ఆయనే చేతికిచ్చాడు. తల ఊపితే చాలు. వెంకటస్వామి తల ఊపడానికి సిద్ధంగానే ఉన్నాడు. చేతుల నిండా కొవ్వు, పొడి మెరుస్తున్నాయి. ఆ చేతులతో ఆ మాట ఎలా అనాలో తెలియలేదు.

"కాదండీ. మా నాన్న దగ్గర."

"నాన్నగారా? తాసీల్దారన్నావుగా?"

"అబద్ధం చెప్పాను. ఆయన పందుల్ని పెంచేవాడు. కావలిలో, రైలు కట్టకవతల. పెళ్లిళ్లకి ఆయనే కోసి, ఆయనే వండేవాడు."

భీమశంకర్ నమలడం ఆగింది. "ఓహో," అన్నాడు. ఆ ఓహో వెంకటస్వామికి బాగా తెలుసు. ఎడిసన్‌లో, బాతెల్‌లో తను పరిగెత్తింది అది వినబడకుండా ఉండటానికే. తీరా వింటే చాలా చిన్నగా ఉంది.

"రాధ పిలుస్తున్నట్టుంది," అన్నాడు భీమశంకర్. ఎవరూ పిలవలేదు. సగం తిన్న బన్ను బల్ల చివర పెట్టి, దాని వంక ఒకసారి చూసుకుని వెళ్లాడు. కుర్చీ మర్చిపోయాడు.

దూరంగా డేల్ ఎవరితోనో ఏదో అని పగలబడి నవ్వాడు. లీల కూరముక్కలు తరగడం ఆపి ఇటే చూస్తోంది. ఇషా కదల్లేదు.

"డాడీ, తాతకి పిగ్స్ ఉన్నాయా? రియల్ పిగ్స్?"

"ఉండేవి."

"హౌ మెనీ?"

"ఒక్కోసారి పదిహేడు."

"నాకెందుకు చెప్పలేదు? గవర్నమెంట్ ఆఫీసర్ సో బోరింగ్." నోటి నిండా మాంసం పెట్టుకునే అడిగింది. "వాటికి పేర్లు ఉన్నాయా?"

వెంకటస్వామి చేతులు తుడుచుకున్నాడు. భీమశంకర్ వదిలేసిన కుర్చీ విప్పి కూర్చున్నాడు. జేబులో తాళాలు తొడకి గుచ్చుకుంటే తీసి బల్ల మీద పెట్టాడు.

"ఉండేవి. ఒకటి నల్లమ్మ. ఒకటి బుడంకాయ. ఇంకొకటి ఎప్పుడూ అన్నిటికంటే ముందు, పొట్ట ఊపుకుంటూ నడిచేది. తాత దాన్ని ఏమని పిలిచేవాడో తెలుసా?"

"ఏమని?"

"కలెక్టర్."