నక్షత్రం కట్టని ఇల్లు

మా అపార్టుమెంటు కింద, మందుల షాపు పక్కన, ఈమధ్య ఒక రొట్టెల బండి వెలిసింది. సాయంత్రం ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి, మరిగే నీళ్ళు జొన్నపిండిలో పోసినప్పుడు లేచే ఆ తియ్యటి పచ్చి వాసన, ఆ వెంటనే పెనం మీద రొట్టెకు తడిగుడ్డ అద్దినప్పుడు వచ్చే ఆవిరి వాసన మెట్ల దాకా వచ్చి నన్ను పట్టుకుంటాయి. ఈ కడపలో కారం దోశల ఘాటుకు ఆగని నా కాళ్ళు ఆ బండి దగ్గర మాత్రం ఆగిపోతాయి. అయినా కొనను. కాసేపు నిలబడి ఆ అమ్మాయి చేతులు చూసి, ఇది రొట్టె తట్టడమా, పిండిని జోకొట్టడమా అని లోపల విసుక్కుని పైకి వచ్చేస్తాను. రొట్టె తట్టడమంటే మా అమ్మ తట్టాలి.

మాది కర్నూలు జిల్లా పడమటి పల్లె. నల్లరేగడి చేలు, వానలు పడితే పత్తి, పడకపోతే బీడు. చలికాలం మొదలైతే చాలు, సగం ఊరు ఇళ్ళకు తాళాలేసి, పిండి మూటలూ పెనాలూ లారీలకెక్కించి సుగ్గికి పోయేది. సుగ్గి అంటే గుంటూరు వైపు మిరప చేలల్లో కాయలు కోసే వలస పని. పెద్దవాళ్ళతో పాటు పిల్లలూ పోవాల్సిందే. తిరిగొచ్చేసరికి బడిలో పాఠాలన్నీ అయిపోయి, మిగిలిన పిల్లలు పరీక్షలు రాస్తుంటే మేము గోడ పక్కన కూర్చుని అచ్చంగిల్లాలు ఆడుకునేవాళ్ళం. నాకది బాగానే ఉండేది కానీ అక్కకు ఏడుపొచ్చేది. అక్క చదువులో చురుకు, లెక్కలంటే ప్రాణం. ఒక ఏడాది సుగ్గి నుంచి రాగానే, మిరపకాయల మంటకు వేళ్ళు వాచిన అక్కను పక్కన కూర్చోబెట్టుకుని చేతులకు ఆముదం రాస్తూ అమ్మ నాన్నతో అనేసింది.

“ఇంగ సుగ్గికి పోయేది లే. యాడన్నా బతుకుదాం, ఈ పిల్లోల్లు మాత్రం సదువుకోవల్ల.”

అలా మైదుకూరు చేరాం. నాన్నకు మార్కెట్లో పసుపు బస్తాలు మోసే పని దొరికింది. సాయంత్రానికి ఆయన బనియనూ, చెవి వెనక వెంట్రుకలూ, గోళ్ళూ అన్నీ పసుపుపచ్చగా ఉండేవి, ఎదురొస్తే పెళ్ళికొడుకులా ఉన్నాడని అమ్మ ఆట పట్టించేది. వరసగా కట్టిన అద్దె గదుల్లో చివరిది మాది. పక్క గదిలో రెడ్డెమ్మక్క ఉండేది, రెండు బర్రెలను పెట్టుకుని వీధి వీధికీ తిరిగి పాలు పోసేది. ఆమెకు మేము ఎవరిమో తెలుసు, ఆదివారం చర్చికి పోయేటప్పుడు మా గది తాళం చెవి ఆమె చేతికే ఇచ్చి పోయేవాళ్ళం. తెలిసినా ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

మైదుకూరులో సంగటి బాగా చేస్తారు, మా పడమటి వాళ్ళలా రొట్టె తట్టడం మాత్రం తక్కువ. అమ్మ గది ముందు మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, పత్తి కట్టె మంట వేసి, పలక మీద పిండి ముద్దను పెట్టి రెండు చేతులతో తడుతూ తిప్పుతుంటే అది తనంతట తానే పలక అంచుల దాకా పరుచుకునేది. పెనం మీద కాలిన రొట్టెను తీసి నిప్పుల మీద నిలబెడితే బుసబుసా పొంగేది. అప్పుడు దాన్ని చించి, చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, పెట్టి ఇస్తే, వేళ్ళు కాలుతున్నా ఊదుకుంటూ తినడమే తప్ప ఆగడం ఉండేది కాదు. ఒకనాడు పాల క్యాను దించి రెడ్డెమ్మక్క కూడా అలాగే ఊదుకుంటూ తిన్నది.

“ఇట్లాంటి చేయి పెట్టుకోని ఊరికే కూచోని ఏం జేస్తాండావు శాంతమ్మా? నాలుగిండ్లలో నేను చెప్తా, నువ్వు తట్టు.”

ఆమె పాలు పోసే ఇళ్ళలో మా రొట్టెల మాట చెప్పింది. మొదట్లో పాలతో పాటే గుడ్డలో చుట్టి ఆమే పట్టుకుపోయేది. తర్వాత తర్వాత ఇళ్ళు పెరిగాయి, షుగరున్న వాళ్ళు, అన్నం మానేసిన వాళ్ళు, పిల్లల పెళ్ళిచూపులకు కొత్త వంటకం కావాలన్న వాళ్ళు అందరూ పడమటామె రొట్టె అడిగేవారు. తెల్లవారుజామున చెవిలో పడే ఆ తపతప చప్పుడుకే మాకు మెలకువ. అక్క జొన్నలు పిండిమరకు తీసుకుపోయేది, నేను పత్తి కట్టె విరిచి కుప్ప వేసేదాన్ని. అమ్మ చెంపల మీద పిండి, ముంగురుల్లో పిండి. తన పేరుతో ఒక పని నడుస్తోందన్న మురిపెం ఆమె నడకలోనే కనిపించేది. మా ఊరి లారీలు సుగ్గికి బయల్దేరిన చలికాలంలో మేము యూనిఫాం వేసుకుని బడికి పోతున్నామంటే మాకే నమ్మకం కలిగేది కాదు.

డిసెంబరు వచ్చింది. మా ఊళ్ళో మా పేటలో ఆ నెల వస్తే ప్రతి ఇంటి మీదా నక్షత్రం లేవాల్సిందే. వెదురు బద్దలు వంచి, రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టి, ఎవరిది ఎత్తుగా ఉంటే వాళ్ళది గొప్ప. నిప్పట్లు, కజ్జికాయలు వేగుతున్న నూనె వాసన, మైదా జిగురు వాసన, క్యారల్స్ పాడే వాళ్ళ డప్పులు, పిల్లల కేకలు, ఇదంతా నక్షత్రం కిందే జరిగేది. మైదుకూరు వచ్చిన మొదటి ఏడు నాన్న నక్షత్రాన్ని గది లోపల, మంచం పైన కట్టాడు. రెండో ఏడు మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. రొట్టెల పని ఇచ్చింది దేవుడే అని ఆమె నమ్మకం.

“ఇచ్చినాయన పేరు లోపల దాచిపెట్టుకుంటే ఎట్ల? వాకిట్లో కట్టు.”

నాన్న కాసేపు గొణిగి, చివరికి పొయ్యికి పైనే, చూరుకు కట్టాడు. ఎర్ర నక్షత్రం, అంచుకు వెండి కాగితం. సాయంత్రం బల్బు వెలిగితే అమ్మ తట్టే రొట్టె కూడా ఎర్రగా కనిపించేది.

ఆ వారంలోనే పెద్ద ఆర్డరు వచ్చింది. బస్టాండు వెనక మేడింటి ఆమె, బంధువులందరితో వ్యాను మాట్లాడుకుని అహోబిలం పోతోంది. కొండ మీద తినడానికి ఎండు రొట్టెలు కావాలంది. ఎండు రొట్టె అంటే పల్చగా తట్టి, సన్న సెగ మీద కరకరలాడేదాకా కాల్చేది, ఎన్నాళ్ళున్నా చెడదు. అమ్మ స్నానం చేసి, పొయ్యి అలికి, ఎంగిలి తగలకూడదని మమ్మల్ని దూరంగా కూర్చోబెట్టి, దేవుని పనిలాగే చేసింది. తెల్ల గుడ్డ పరిచి దొంతులు పేర్చింది. రెడ్డెమ్మక్క చేత పంపుదామనుకుంటే, దారే కదా అని మేడింటి ఆమే వ్యాను దిగి మా వాకిట్లోకి వచ్చింది. రొట్టెల వైపు చూసి నవ్వింది. తర్వాత తల పైకెత్తింది.

“మీరు చర్చోళ్ళా అమ్మా?”

“అవునమ్మా.”

“అయ్యో, రెడ్డెమ్మ చెప్పనే లేదే. ఏమనుకోవద్దు తల్లీ, దేవుని కాడికి పోతాండాం గదా. నీ పిల్లోల్లకు పెట్టుకో.”

తిట్టలేదు, గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే అమ్మ కూడా నాలుగు మాటలని మనసు తేలిక చేసుకునేదేమో. చర్చి అనగానే ఆమెకు గుర్తొచ్చింది దేవుడు కాదు, ఊరి చివర పేట, ఆ పేటలోని మా కులం. వ్యాను కదిలింది. అమ్మ తెల్ల గుడ్డ కొసలు తెచ్చి రొట్టెల మీద కప్పింది.

ఆ తర్వాత ఒక్కో ఇల్లే ఆగిపోయింది. ఒకరికి అరుగుదల లేదట, ఒకరి ఇంటికి చుట్టాలొచ్చారట, ఒకరు ఊరికే వద్దన్నారు. రెడ్డెమ్మక్కను కూడా నిలదీశారు, ఆమె పాలకే ఎసరొచ్చేలా ఉంది. ఆమె వచ్చి గడప మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంది.

“నా పేరు మీద నడుపుదాం శాంతమ్మా. నువ్వు లోపల కూచోని తట్టు, ఆ నచ్చత్రం తీసేయ్. ఎవురికీ తెల్దు.”

నాన్న వెంటనే స్టూలు వేసుకుని నక్షత్రం విప్పేశాడు. అమ్మ దాన్ని ఆయన చేతుల్లోంచి తీసుకుని, అదే స్టూలు ఎక్కి, అదే చూరుకు మళ్ళీ కట్టింది. మేము ఆ క్రిస్మస్‌కు మజ్జిగలో నానేసుకుని అహోబిలం రొట్టెలే తిన్నాం. ఎంత తిన్నా తరగలేదు. మిగిలినవి రెడ్డెమ్మక్క బర్రెలు తిన్నాయి.

నాన్న కూలి ఒక్కటే చాలక, పండుగ వెళ్ళగానే సుగ్గి లారీ ఎక్కాం, పెనం కూడా మాతోనే ఎక్కింది. వేసవిలో మైదుకూరు తిరిగొచ్చి చూస్తే చూరుకు వెదురు బద్దలు మాత్రం మిగిలాయి. నన్ను హాస్టల్లో చేర్చారు. అక్కకు వయసు దాటిందన్నారు, ఆమె మళ్ళీ బడికి పోలేదు. ఇప్పటికీ చలికాలం వస్తే అక్క తన పిల్లలను తీసుకుని మిరప చేలకే పోతుంది, లెక్కలు మాత్రం నోటితోనే చేస్తుంది.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆ పత్తి కట్టె మంట లేదు, పలక లేదు, పెనం ఎక్కడ పోయిందో తెలియదు, ఆ తెల్లవారుజాము తపతప చప్పుడు లేదు. రొట్టెల బండి చూసి చూసి నిన్న నేనే ఉండబట్టలేక అన్నాను. అమ్మా, మళ్ళీ మొదలుపెట్టు, ఇప్పుడు ఫోన్లోనే ఆర్డర్లు, పొట్లం కట్టిస్తే చాలు, ఎవరు తట్టారో, ఏ ఇంటివో ఎవరూ చూడరు.

అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తకుండానే అంది.

“ఎవురూ సూడకుండా చేసేదైతే, అప్పుడే చేసుంటి గదా పాపా.”

బాల్కనీ వైపు చూసి అడిగింది.

“డిసెంబరు వచ్చె గదా. మనింటికి నచ్చత్రం యాడ కడతావు?”

కింద బజారులో ప్లాస్టిక్ నక్షత్రాలు వేలాడదీసి అమ్ముతున్నారు. వెలిగి ఆరే లైట్లతో, జిగురు వాసన లేకుండా, రోజూ వాటి కిందనుంచే నేను ఇంటికి వస్తాను. ఈ ఫ్లాటు అద్దెకు తీసుకునేటప్పుడు ఓనరు ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. ఈ ఇంటికి ఇంతవరకూ నక్షత్రం కట్టలేదు.