ఇంద్రిది పెట్టిన తలుపులు

అమెరికావాళ్లు సెప్టెంబరుకల్లా మూటాముల్లె సర్దుకుని పోతున్నారన్న వార్త విని మా రేవు ఊళ్లో అందరికంటే ఎక్కువగా తెల్లబోయినవాడి పేరు ఇంద్రిది. మిట్ట మీదున్న వాళ్ల సైనిక స్థావరంలో ఇరవై రెండేళ్లుగా ఇంజనీరు. ఇంజనీరు అంటే ఊరుకోడు, జేబులోంచి కార్డు తీసి చూపిస్తాడు: ‘సమాజ ప్రణాళికా నిపుణుడు’. సైనికుల కుటుంబాలు ఎక్కడ కాపురముండాలో, పిల్లలు ఎక్కడ ఉయ్యాల ఊగాలో, ప్రార్థన ఎక్కడ చేసుకోవాలో గీసేది తనే. ఆ సమాజంలో ఒక్కరింట్లోనూ అతను కాఫీ తాగిన పాపాన పోలేదు. సరిగ్గా ఆ వార్తకు వారం ముందే, రాబోయే ముప్పై ఏళ్లకు స్థావరం ఎలా పెరగాలో నూట నలభై పేజీలు రాసి నీలం అట్ట వేయించాడు. ముప్పై ఏళ్ల ముందుచూపున్న మనిషికి ఆరు నెలల్లో ఏం జరగబోతోందో తెలియలేదు.

ఖాళీ అయ్యే ఇళ్లు మన జనానికి ఇవ్వడానికి ఒక కొత్త సంస్థ పుట్టింది. దానికి ఇంజనీరు కావాలి, అదీ ఒక్కడే. ఇంద్రిదికి యాభై నాలుగేళ్లు. ఆ ఉద్యోగం దొరికితే సరే, లేదంటే రాజధాని రెక్యావిక్ పోయి కుర్రవాళ్ల కింద కొలత టేపు పట్టుకోవాలి. ఈ మాట అతనే పొద్దున ఏడింటికి ఈతకొలను పక్కన ఊరంతా కలిసి కూర్చునే వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి మా అందరికీ చెప్పాడు. తొట్టిలో చెప్పింది ఊరంతటికీ చెప్పినట్టే.

ఆ ఇళ్ల సంగతి నాకు బాగా తెలుసు. పందొమ్మిదేళ్లు తుడిచాను. చేపల ఫ్యాక్టరీలో నడుము పోయాక దొరికిన పని అది. బూడిద రంగు ఇళ్లు, ఆరు వరసలు. ముందు తలుపులన్నీ ఆగ్నేయానికే. ఆ దిక్కు నుంచి గాలి లేచిందంటే మేం కారు తలుపు కూడా రెండు చేతులతో పట్టుకుని తెరుస్తాం. ఇది ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లకూ నడక రాకముందే వచ్చే తెలివి. అక్కడికి వచ్చే అమెరికా పిల్లలకు అది ఎలా తెలుస్తుంది? ఒకసారి కెండ్రా అని ఒక సైనికుడి భార్య, చిన్నది, నిండా ఇరవై రెండేళ్లు లేవు, చంటిపిల్లను ఎత్తుకుని తలుపు తీసింది. గాలికి తలుపు వెనక్కి కొట్టి తల్లి రెండు వేళ్లు నలిగిపోయాయి. గడ్డకట్టిన బఠాణీల సంచి చుట్టి ఆసుపత్రికి పంపింది నేనే.

మర్నాడు తొట్టిలో అడిగాను.

“ఏం ఇంద్రిదీ, ఆ తలుపులు అటెందుకు పెట్టావురా?”

“నేను పెట్టలేదు ఫ్యోలక్కా. ముందు తలుపు వీధి వైపే ఉండాలని వాళ్ల నియమం.”

“వీధి గీసిందెవరు?”

“నేనే.”

“మరింకేం, వీధినే అవతలకి గీయలేకపోయావా?”

“గాలి గురించి రాయడానికి వాళ్ల ఫారంలో గడి లేదక్కా. అడిగింది గీస్తే వాళ్లకీ హాయి, నాకూ హాయి.”

“నీ ఇంటి తలుపు ఎటుంది?”

“వాయవ్యానికి.”

“అదేం?”

“అది మా ఇల్లు కదా!”

తొట్టిలో ఉన్న ఎనిమిదిమందీ పగలబడి నవ్వారు. వాళ్లతోపాటు అతనూ నవ్వాడు. ఎంత పెద్ద మాట అన్నాడో అతనికి ఇప్పటికీ తెలియదనే నా నమ్మకం.

అక్టోబరులో సంస్థవాళ్లు ముగ్గురు ఇళ్లు చూడటానికి వచ్చారు. ఇంద్రిదికి అదే పరీక్ష. అధ్యక్షురాలు స్టేన్వోర్, మా బడిలో పెద్ద పంతులమ్మగా చేసి దిగిపోయింది. ఇంకొకడు బ్యాంకు కుర్రాడు, పల్చటి కోటు. మూడోవాడు పురపాలక సంఘంలో సభ్యుడు, నోరు విప్పడు. తాళాల గుత్తి నా దగ్గర ఉండబట్టి నన్నూ రమ్మన్నారు. పిలవకపోయినా వెళ్లేదాన్నే. ఇంద్రిది చంకలో పటాల చుట్టలు పెట్టుకుని ముందు నడిచాడు. గాలి మంచి ఊపు మీదుంది.

మొదటి ఇంటి తాళం తీశాను. బ్యాంకు కుర్రాడు మర్యాదకు పోయి తనే పిడి తిప్పాడు. తలుపు అతని చేతిలోంచి ఊడి గోడకు కొట్టుకుంది, అద్దం పగిలింది, టోపీ సముద్రం దారి పట్టింది. రెండో ఇంటి దగ్గర పిడి జోలికి ఎవరూ పోలేదు.

స్టేన్వోర్ వరస పొడవునా చూసింది. “ఇన్నీ ఇటే ఉన్నాయేమిటి ఇంద్రిదీ? ఇది ఎవరి నిర్ణయం?”

అతను గొంతు సవరించుకున్నాడు. “అప్పట్లో స్థానికులను సంప్రదించాం. ఇళ్లు తుడిచే ఆడవాళ్లను సైతం అడిగాం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.”

తాళాల గుత్తి నా చేతిలోనే ఉంది, విసరలేదు.

“తుడిచేదాన్ని నేనే కదరా. ఏ రోజు అడిగావు? తొట్టిలో నేనే నిన్ను నిలదీశాను, మరిచిపోయావా?”

“రాతపూర్వకంగా ఇచ్చావా అక్కా?”

“ఇవ్వలేదు.”

“అంటే అభ్యంతరం లేనట్టే కదా.”

“కెండ్రా రాసిచ్చేదేమో, ఆ నెల దాని వేళ్లు పనిచెయ్యలేదు!”

నోరు విప్పని సభ్యుడు దగ్గాడు. స్టేన్వోర్ పుస్తకంలో ఏదో రాసుకుంది. ఇంద్రిది ముఖం ఉడకేసిన రొయ్యలా అయింది. ఇక మిగిలిన ఇళ్లలోకి అందరం వెనక కిటికీల్లోంచి తొంగిచూసి సరిపెట్టుకున్నాం.

వారం రోజులు తొట్టిలో అదే మాట. ఇంద్రిది పని అయిపోయిందన్నారు, భార్య అప్పుడే రెక్యావిక్‌లో గది చూస్తోందన్నారు. నాకూ కాస్త జాలి కలగబోయింది. ఇంతలో స్టేన్వోర్ మా వంటింట్లోకి వచ్చి, బూట్లు విప్పి, కూర్చుంది. కాఫీ పోసి, అప్పుడే వేయించిన తీపి క్లైనాలు పెట్టాను.

“ఉద్యోగం ఇంద్రిదికే ఇచ్చాం ఫ్యోలా.”

“నీ కళ్లెదుట అబద్ధమాడినవాడికా?”

“మూడు వేల పటాలున్నాయి. ఏ నంబరు ఏ ఇంటిదో వాడికొక్కడికే తెలుసు. నంబర్లన్నీ వాడు సొంతంగా వేసుకున్నవి.”

“అంటే తప్పెక్కడుందో తెలిసినవాడు తప్పు చేసినవాడొక్కడే కాబట్టి?”

“అంతే.” సిగ్గుపడకుండా ఇంకో క్లైనా తీసుకుంది. బడిలోనూ అంతే, అల్లరివాడినే తరగతి నాయకుణ్ణి చేసేది.

ఫిబ్రవరిలో గ్రంథాలయంలో ఇంద్రిది ఉపన్యాసమిచ్చాడు: ‘మిట్ట మీద గాలి, ఇంటి గడప’. గోడ మీద బొమ్మలు, బాణాలు. ఏళ్ల తరబడి పరిశీలించి, తలుపులు వాయవ్యానికి మార్చి, బయట గాలిని ఆపే చిన్న అర ఒకటి కట్టాలని తేల్చానన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తొట్టిలో ఆ రోజు నవ్వినవాళ్లు మొదటి వరసలో కూర్చుని మరీ కొట్టారు.

చెయ్యెత్తాను. “ఇది ఎప్పుడు కనిపెట్టావు ఇంద్రిదీ?”

“క్రమంగా, అక్కా.”

ఇప్పటికి రెండు వరసల తలుపులు మారాయి. ఒంటి చేత్తో తెరుచుకుంటున్నాయి, అది ఒప్పుకోవాలి. చంటిపిల్లల తల్లులు బండి తోసుకుంటూ లోపలికి పోతున్నారు. వరస మొదట్లో ఇంద్రిది పేరుతో ఒక ఇత్తడి పలక బిగించారు. ఇదేమిటిరా అని అడిగితే, “సంస్థ పెట్టమంది అక్కా, నేను అడగలేదు,” అన్నాడు.

మా ఉప్పుగాలికి ఇత్తడి ఒక్క చలికాలంలో నల్లబడుతుంది. తుడవడానికి నన్ను పిలవొద్దని చెప్పి వచ్చాను.