పెట్టానని చెప్పిన గంజి

తొట్టి దగ్గర ఖాళీ చెంబు ఎత్తడానికి సరోజ రెండు చేతులూ వాడింది. అది చూసిన క్షణాన నాకు మొదటిసారి భయం వేసింది. ఈ పిల్ల చచ్చిపోతుందేమో. చచ్చిపోతే అది నా వల్లే. ఈ మాటను ఏడేళ్లుగా ఒంటరిగా మోస్తున్నాను. మొదట ఇది చదివే మీకే చెప్తున్నాను.

సరోజ నా ఆడబిడ్డ. డెబ్బై తొమ్మిదిలో పుంగనూరులో మా దగ్గరే ఉండేది. నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. మదనపల్లె డాక్టరు పెద్దపేగులో పుండ్లన్నాడు. అంటురోగం కాదన్నాడు. మాత్రలు రాసిచ్చి, ఒంట్లో బలముంటేనే పుండు మానుతుంది, ఆకలితో ఉంచొద్దని ఓపిగ్గా చెప్పాడు. కారం, రాగిసంగటి, ఆకుకూరలు కొన్నాళ్లు వద్దు. మెత్తటి గంజన్నం, పెసరకట్టు, ఉడికించిన గుడ్డు, బాగా మాగిన అరటిపండు కొద్దికొద్దిగా పెడుతూనే ఉండాలి.

నేను పెట్టలేదు. బీఎస్సీ చదివినదాన్ని. అయినా ఇంట్లో ఒకటే మరుగుదొడ్డి, పాకే కొడుకు, అన్నీ ముట్టుకునే కూతురు. ఎక్కువ తింటే ఎక్కువసార్లు వెళ్తుంది, ఆ రోగం నా పిల్లలకు వస్తుంది, అంతవరకే ఆలోచించాను. పొద్దునా సాయంత్రం గ్లాసెడు పలుచటి గంజి ఇచ్చి, అడిగినవాళ్లకు పథ్యం అనేదాన్ని. కడుపు జబ్బుకు లంఖణం మంచిదనే ఇంట్లో నన్నెవరు అనుమానిస్తారు? నేనూ అది నిజంగా నమ్మానా, నమ్మినట్టు నాకు నేనే చెప్పుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఖాళీ చెంబుకు రెండు చేతులూ వాడిన ఆ రోజే ఆమెను మళ్లీ మదనపల్లె తీసుకెళ్లాను. బరువు చూసి డాక్టరు, చెప్పినవన్నీ పెడుతున్నారా అని నన్ను అడిగాడు. పెడుతున్నానన్నాను. ఆయన సరోజ వైపు తిరిగాడు.

"పెడతాండాది సార్. నాకే దిగలే," అంది.

తిరుగు బస్సులో నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

"యాల వదినా, మాట్లాడకుండా కూసోనుండావు? డాక్టరు ముందర నీ మానం కాపాడినా గదా. ఇంటికి పోతానే రోంత అన్నం పెట్టు. అదే నా కూలి."

నవ్వింది కూడా.

ఆ సాయంత్రం నుంచి పెట్టాను. రెండు ముద్దలు దిగినా చాలని మళ్లీ మళ్లీ పెట్టాను. మాత్రలూ తిండీ కలిసి ఆమెను మెల్లగా లేపాయి. ఆ డాక్టరు ఓర్పును ఎప్పుడూ మరవలేను. సరోజ అబద్ధానికైతే రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. పెట్టడానికి నాకు మళ్లీ అవకాశం ఇచ్చింది ఆమే. వదిన చేతి చలవ అని ఊరంతా మెచ్చుకుంటే, కాదని నేను ఒక్కసారీ అనలేదు.

ఇప్పుడామె కుప్పంలో టీచరు. జబ్బు తిరగబెడితే సెలవు పెట్టి మా ఇంటికే వస్తుంది. నా వంటయితేనే పడుతుందట. నిన్న వచ్చింది. అన్నాల దగ్గర నా కూతురు, అత్తను అమ్మే బతికించింది కదా అంది. అవునే అంది సరోజ. నాకు ముద్ద దిగలేదు. రాత్రి కూర్చుని ఇంతవరకు రాశాను.

పొద్దున పిల్లలిద్దర్నీ పిలిచి చెప్పాను. అత్త ఆకలితో ఉన్నప్పుడు నేను చాలినంత పెట్టలేదు, పెట్టానని డాక్టరుకు అబద్ధం చెప్పాను అని.

"యాలమ్మా?" అంది కూతురు.

మీకోసమే అనబోయాను. నోటిదాకా వచ్చింది.

"భయపడి," అన్నాను.